ఏడువేల ఏడువందల డెబ్బై ఆరులో ఒకటి

బరువుల లెక్క నాకు తెలుసు. ఎంత స్లాబుకు ఎంత కమ్మి కావాలో, ఏ పిల్లరు ఎంత మోస్తుందో కాగితం లేకుండానే సుమారుగా చెప్పగలను. కానీ ఏడేళ్ళుగా నేను మోస్తున్న ఈ ఒక్క సంగతి ఎంత బరువో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. కొన్ని రోజులు అది ఉన్నట్టే ఉండదు. కొన్ని రోజులు మేడమీద ట్యాంకులో నీళ్ళు పడే చప్పుడు వినిపిస్తే చాలు, చేతిలో ఉన్న పని ఆగిపోతుంది.

పోయిన నెల దాకా ఎవరికీ చెప్పుకోలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు తెలియదు. ఆ చాటు చూసుకునే నోరు తెరుస్తున్నాను. దీన్ని ధైర్యం అనవచ్చా? అనకూడదేమో. అయినా ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

మాది చిత్తూరు. పదో తరగతితో నా చదువు ఆగింది. లెక్కలు మాత్రం ఆగలేదు. మేస్త్రీల వెంట తిరుగుతూ, పాత పుస్తకాలు చూస్తూ నాకు నేనే నేర్చుకున్నాను. ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఇటుక, సిమెంటు, ఇసుక ఎంత పడుతుందో ఎస్టిమేటు వేసి ఇవ్వడం నా వృత్తి. మేముండే ఫ్లాట్లలో నన్ను ‘లెక్కలసామి’ అంటారు. అందులో సగం మర్యాద, సగం ఎగతాళి. ఆ సగం మర్యాద నాకు చాలా ఇష్టంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. జరిగినదంతా దాని చుట్టూనే జరిగింది.

తాళాలు తీసే సరదా నాకు పట్టింది ఒక చిన్న అవమానం వల్ల. ఒకరోజు తాళంచెవి లోపలే మరిచి తలుపు లాగేసుకున్నాను. గాంధీబొమ్మ దగ్గర కూర్చునే తాళాల మనిషిని పిలుచుకొచ్చాము. అతను రెండు ఇనుప ముక్కలు పెట్టి, నాతో మాట్లాడుతూనే తలుపు తీసేశాడు. ఎట్లా తీశావని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఆ రాత్రి నేను నిద్రపోలేకపోయాను. ఒక తాళం లోపల ఏముందో, ఎందుకు తెరుచుకుంటుందో తెలియకుండా నలభై ఐదేళ్ళు బతికానా అనిపించింది.

ఫోనులో వీడియోలు చూశాను. ఇది చాలామందికి సరదా అని, పోటీలు కూడా పెట్టుకుంటారని తెలిసింది. ఆన్‌లైనులో ఒక కిట్టు తెప్పించాను. లోపలిదంతా కనబడేలా గాజులాంటి ప్లాస్టిక్కుతో చేసిన ఒక తాళం, ఎల్ ఆకారంలో వంచిన చిన్న బద్దలు, సన్నని ఉక్కు పనిముట్లు కొన్ని. మా ఇంటామె వాటిని చూసి, “ఏంది, ఎవురింటికి కన్నం వేసే దానికి పోతా ఉండారు? పోతే కాస్త బంగారం ఉండే ఇల్లుగా సూసుకోండి” అనింది. ఇద్దరమూ నవ్వుకున్నాము.

తాళంలో వరుసగా కొన్ని పిన్నులుంటాయి. ఒక్కొక్కదాని నెత్తిన స్ప్రింగు ఉంటుంది. ప్రతి పిన్నూ తనకు కావలసిన ఎత్తుకే లేవాలి. అన్నీ సరైన ఎత్తులో నిలిస్తే లోపలి గొట్టం తిరుగుతుంది. తాళంచెవికి ఉండే గాట్లు చేసే పని అంతే. దీన్ని చెవి లేకుండా తీయడానికి రెండు పద్ధతులు. కొక్కెం లాంటి పనిముట్టుతో ఒక్కో పిన్నునూ వెతికి, తాకి, లేపి నిలబెట్టడం ఒకటి. దానికి నెలల సాధన కావాలి. రెండోది రేక్. అది చివర అలలు అలలుగా వంపులున్న సన్నని బద్ద. ఎల్ బద్దతో గొట్టాన్ని కొంచెం తిప్పి పట్టుకుని, ఈ రేక్‌ను లోపలికి తోసి, పిన్నుల కింద ముందుకూ వెనక్కూ రాపాడించాలి. వాటంతట అవే ఎగిరెగిరి, ఏదో ఒక క్షణాన అన్నీ కుదురుకుంటాయి. తాళం ఊడిపోతుంది. ఏ పిన్ను ఎప్పుడు కుదిరిందో తీసినవాడికి కూడా తెలియదు.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు రేక్‌తోనే మొదలుపెడతారు. నేనూ అంతే. మొదట్లో ఎల్ బద్దను గట్టిగా తిప్పేవాణ్ణి. గట్టిగా తిప్పితే పిన్నులు బిగుసుకుపోతాయి, ఏదీ కదలదు. చిటికెనవేలితో పూవును తాకినంత మెల్లగా పట్టాలని తెలుసుకోవడానికే చాలా రోజులు పట్టింది. ఒక సాయంత్రం టీ తాగుతూ రాపాడిస్తుంటే ప్లాస్టిక్కు తాళం టక్కున ఊడింది. నేను ఒక్కసారిగా అరిచాను. ఆ తరువాత ఇంట్లో ఉన్న పాత తాళాలు కూడా రెండు తీశాను.

నాలాంటి లెక్క మనిషికి రేక్ నచ్చకూడదు. అందులో లెక్క లేదు. పరీక్షలో పక్కవాడి జవాబు చూసి రాసినట్టు ఉంటుంది. జవాబు సరైనదే, కానీ ఎట్లా వచ్చిందో చెప్పలేము. అయినా నాకు నచ్చింది. కొక్కెం పక్కన పెట్టేశాను. ఫలితం వస్తున్నప్పుడు ఎట్లా వచ్చిందని ఎవరు అడుగుతారు?

ఈ విద్య నేర్పేవాళ్ళంతా ముందుగా రెండు నియమాలు చెబుతారు. నీది కాని తాళం ముట్టుకోకు. నీదే అయినా, వాడకంలో ఉన్న తాళం ముట్టుకోకు. ఎన్నోసార్లు విన్నాను. అవి దొంగబుద్ధి ఉన్నవాళ్ళకు చెప్పేవి, నాకు కాదు అనుకున్నాను.

ఇప్పుడు సలోమి గురించి చెప్పాలి. ఇక్కడ అందరి పేర్లూ మార్చాను. ఆమె పేరు మార్చలేదు. ఎందుకో చివర చెబుతాను.

సలోమి మా ఫ్లాట్లకు కాపలా మనిషి. మొగుడు దేవదానం బాడుగ ఆటో తోలేవాడు. కింద మోటారు గదిని ఆనుకుని ఉన్న ఒంటి గదిలో వాళ్ళ కాపురం. మెట్లు ఊడవడం, చెత్త తీయడం, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బోరు మోటారు వేసి ట్యాంకు నింపడం ఆమె పనులు. ఎండాకాలంలో మా బోరులో నీళ్ళు తక్కువ. కాసేపు పోసి గాలి పట్టేస్తుంది. మళ్ళీ ఊరడానికి గంటలు కావాలి. అందుకే మోటారు గదికి తాళం. ఎవరికి వాళ్ళు వేసుకుంటే బోరు ఎండిపోతుందని భయం. పాత ఇత్తడి తాళం తుప్పు పట్టిందని కొత్తగా మెరిసే తాళం ఒకటి కొన్నారు. దానికి రెండు చెవులు. ఒకటి సలోమి దగ్గర, రెండోది అసోసియేషను ప్రెసిడెంటు మునిరత్నం గారి బీరువాలో.

మునిరత్నం గారు చాలాకాలం బెల్లం మండీ నడిపిన మనిషి. మాట పెద్దది, మనసు చెడ్డది కాదు. ఆ వేసవిలో ఒక మీటింగులో నేను ఒక లెక్క చెప్పాను. మన బోరు అందరూ అనుకునేదానికంటే తొందరగా ఊరుతోంది, మధ్యాహ్నం మూడోసారి కూడా మోటారు వేయవచ్చు, ట్యాంకరు పిలిచే అవసరం లేదు అని. ట్యాంకు కొలతలు, నిండే వేగం అన్నీ వివరించాను. ఆయన అంతా విని, “కాగితం మింద నీళ్ళు శానా ఉండాయబ్బా. చెంబు ముంచుకుని తాగే దానికే కాదు” అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు నా ముఖం మీద ఇంటికి వచ్చేదాకా ఉంది. లోపల ఇంకేదో ఉంది.

రెండు రోజుల తరువాత, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం, కిందికి దిగాను. సలోమి రేషను బియ్యానికి పోయినట్టుంది, గది తలుపు మూసి ఉంది. ఎవరూ లేరు. జేబులో కిట్టు ఉంది. ఎందుకుంది? ఇంట్లోనుంచి బయలుదేరేటప్పుడే జేబులో వేసుకున్నాను. కాబట్టి ‘ఊరికే దిగాను’ అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న మాట అబద్ధం. ఇది మొదటిసారి రాస్తున్నాను.

తాళం చేతిలోకి తీసుకున్నాను. కొత్త తాళం, తీయగలనో లేదో చూద్దాం, అంతే, అనుకున్నాను. ఎల్ బద్ద పెట్టాను. రేక్ తోశాను. ముందుకూ వెనక్కూ. కదల్లేదు. పట్టు వదిలి, ఇంకా మెల్లగా పట్టుకున్నాను. మళ్ళీ రాపాడించాను. నాలుగో ఐదో రాపిడికి తాళం చేతిలో ఊడిపోయింది.

అప్పుడు కలిగిన సంతోషాన్ని దాచుకుంటే ఈ ఒప్పుకోలుకు అర్థం లేదు. అంత సంతోషం నాకు మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు కలిగింది. మళ్ళీ అప్పుడే. వెంటనే తాళం నొక్కేసి పైకి పోయి ఉంటే, ఇది భార్యకు కూడా చెప్పుకోని ఒక చిన్న తుంటరితనంగా మిగిలేది. కానీ తలుపు తెరుచుకుంది. ఎదురుగా స్విచ్చు ఉంది. నా లెక్క సరైనదని తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి సమయం రాదనిపించింది.

మోటారు వేసి, మేడమీదికి పోయి, ట్యాంకు దగ్గర నిలబడ్డాను. నీళ్ళు వచ్చాయి. బాగా వచ్చాయి. నేను గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. కొంతసేపటికి గొట్టం దగ్గడం మొదలుపెట్టింది. నీళ్ళూ గాలీ కలిసి వస్తున్నాయి. అప్పుడే దిగి ఆపాలి. ఆపలేదు. నీళ్ళు లేకపోతే మోటారును తానంతట తానే ఆపే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది కదా, అది ఎప్పుడు ఆపుతుందో చూసుకుంటే లెక్క పూర్తవుతుందని నిలబడ్డాను. ఆ పెట్టె చెడిపోయి మాటిమాటికీ ఆపేస్తోందని, ఎలక్ట్రీషియను దాన్ని తప్పించి వైర్లు నేరుగా కలిపి పెట్టాడని నాకు తెలియదు. అన్ని అంకెలూ తెలుసు, అది తెలియదు. గొట్టంలో నీళ్ళు పూర్తిగా ఆగాక, పెట్టె తన పని చేసిందనుకుని తీరిగ్గా దిగాను. మోటారు గదిలో, మోటారు నడుస్తోందని చూపే లైటు ఇంకా వెలుగుతోంది. స్విచ్చు పెట్టెలోనుంచి కాలిన వాసన.

స్విచ్చు ఆపాను. తలుపు వేశాను. తాళం నొక్కితే పడిపోయింది, దానికి చెవి అక్కర్లేదు. ఇంటికి వచ్చి సబ్బుతో చేతులు కడుక్కున్నాను. చేతులకు ఏమీ అంటలేదు.

సాయంత్రం సలోమి మోటారు వేస్తే నీళ్ళు రాలేదు. మరుసటి రోజు మోటారును పైకి లాగారు. లోపల చుట్టిన తీగంతా మాడిపోయింది. నీళ్ళు లేకుండా చాలాసేపు తిరిగిందని మెకానిక్కు చెప్పాడు. మూడో అంతస్తు రాజేశ్వరమ్మ, మధ్యాహ్నం ట్యాంకులో నీళ్ళు పడే చప్పుడు తాను విన్నానని చెప్పింది. పక్క స్థలంలో అప్పుడే ఒక ఇల్లు కడుతున్నారు, గోడలు తడపడానికి వాళ్ళకు నీళ్ళు కావాలి. ఇంకేం కావాలి? సలోమి నీళ్ళు అమ్ముకుందన్నారు.

ఆ సాయంత్రం అందరం కింద కూడాము. సలోమి గోడవారగా నిలబడి ఉంది. మునిరత్నం గారు ఆమెను తిట్టలేదు. తప్పించుకోవడానికి దారి కూడా చూపించారు. మా వైపు తాళాన్ని బీగం అంటారు.

“సూడమ్మా, బీగంచెవి నువ్వు గదిలో మేకుకు తగిలించి పోయింటావు. ఎవురో తీసుకోనుంటారు. అట్లయినా చెప్పు.”

“లేదు సార్. నా కొంగునే ముడేసుకోనుంటాను ఎప్పుడూ. రేషనుకు పోయినప్పుడు కూడా నా దగ్గిరే ఉండాది.”

‘అవును సార్, మేకుకే తగిలించినాను’ అని ఉంటే ఆమె బయటపడేది. అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

అప్పుడు మునిరత్నం గారు నావైపు తిరిగారు. మా వైపు తాళాన్ని బీగం అంటారు.

“ఏమబ్బా లెక్కలసామీ, నువ్వు జెప్పు. బీగంచెవి లేకుండా ఈ బీగం తీసే దానికి అవుతుందా?”

నేను మోటారు గది తలుపు వైపు చూశాను.

“ఏందబ్బా, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా? చెప్పు.”

“లోపల ఐదు పిన్నులుంటాయి,” అన్నాను. నా గొంతు నాకే మామూలుగా వినిపించింది. “ఒక్కొక్కటి ఆరు ఎత్తుల్లో యాదో ఒక ఎత్తుకు రావాల. ఐదు ఆర్లను ఒకదానితో ఒకటి హెచ్చిస్తే ఏడువేల ఏడువందల డెబ్బై ఆరు. అన్ని రకాల చెవుల్లో ఒక్కటే దీన్ని తీస్తాది.”

“అంటే ఏడువేల చిల్లర్లో ఒకటి?”

“ఊఁ.”

“అంటే కాదనే గదా, సామీ?”

అవునన్నట్టు తల ఊపాను.

ఆ లెక్కలో తప్పు లేదు. మీరు కూడా వేసి చూసుకోవచ్చు. కానీ ఆయన అడిగింది చెవి లేకుండా తీయవచ్చా అని. నేను చెప్పింది ఇంకొక చెవితో తీయవచ్చా అన్నదానికి జవాబు. అడగని ప్రశ్నకు సరైన జవాబు ఇచ్చి, అడిగిన ప్రశ్నను దాని కింద పూడ్చేశాను. నోటితో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆ సంగతి నాకు అప్పుడే, ఆ క్షణంలోనే తెలుసు. దాన్ని పట్టుకునే నిలబడ్డాను. అంకె చెప్పగానే అందరి ముఖాల్లో సందేహం పోయింది. మూడు రోజుల ముందు నా లెక్కకు నవ్వినవాళ్ళే ఇప్పుడు దాన్ని నమ్మారు. నమ్మినందుకు నాకు ఒక మూల సంతోషం కూడా కలిగిందా? కలిగింది. ఇది రాయకుండా దాటిపోదామనుకున్నాను.

సలోమి నా వైపు చూసింది. కోపంగా కాదు. ఆ అంకె తనకేం చేసిందో అర్థం కానట్టు.

“నేను తీయలా సార్,” అనింది మునిరత్నం గారితో.

“అయితే సరేమ్మా. ఆదివారం అందరం కాణిపాకం పోదాం. మునిగి, తడిగుడ్డలతో సామి ముందర ప్రమాణం జేద్దాం. నువ్వొకదానివే కాదు, ఇంటికొకరు. నేనూ జేస్తా.”

చిత్తూరు మనిషికి దీని అర్థం చెప్పనక్కర్లేదు. వేరే వైపు వాళ్ళకు చెబుతాను. మాకు కాణిపాకం వినాయకుడే ఆఖరి కోర్టు. పోలీసుల దగ్గర, పంచాయితీలో ఎన్ని చెప్పినా, ‘కాణిపాకంలో ప్రమాణం జేస్తావా?’ అంటే నోళ్ళు మూతపడతాయి. అక్కడ అబద్ధం చెబితే సామి ఊరుకోడని నా చిన్నప్పటినుంచీ విన్నాను, నమ్మాను. నేను ఏది నమ్మినా నమ్మకపోయినా అది నమ్ముతాను. ఆదివారానికి మూడు రోజులుంది. మునిగి లేచి, తడిబట్టలతో ఆయన ముందు నేనేమనాలి?

నేను ఒప్పుకుని ఉండేవాణ్ణా? ఆ మూడు రోజుల్లో ఎప్పుడో మునిరత్నం గారి తలుపు తట్టి ఉండేవాణ్ణని చాలాసార్లు అనుకున్నాను. కానీ ఆ అవసరం నాకు రాలేదు.

“ప్రమాణాలు మాకు లేవు సార్,” అనింది సలోమి.

“అదేందమ్మా?”

“ఒట్టు పెట్టుకోకూడదు సార్ మేము. నేను తీయలా. అదే నా మాట.”

“మా సామి వద్దంటే మీ చర్చిలోనే జెయ్,” అనింది రాజేశ్వరమ్మ.

“యాడా చేయకూడదక్కా. చర్చిలో కూడా చేయము.”

“తప్పు చేయనోళ్ళకు భయమెందుకమ్మా?”

“భయం కాదక్కా,” అనింది సలోమి. ఇంకేదో చెప్పబోయి ఆగిపోయింది. ఎవరికని చెబుతుంది?

మునిరత్నం గారు కుర్చీలోనుంచి లేచారు. “ఇంక కాణిపాకమెందుకు? తేలిపాయ గదా.”

మా మనుషులు మాత్రమే చేసే తప్పు ఇది. ప్రమాణానికి రానన్నవాడు దొంగ. మాకు అంతకుమించిన రుజువు లేదు. బైబిలు చెప్పినట్టు ఒట్టు పెట్టడమే పాపమని ఒకరు నమ్మవచ్చునని, ఉద్యోగం పోయినా ఇల్లు పోయినా ఆ నమ్మకాన్ని విడవకపోవచ్చునని మాలో ఎవరికీ తట్టలేదు. ఆ గుంపులో ఒక్కడికి మాత్రం ఆమె నిజం చెబుతోందని ఖచ్చితంగా తెలుసు. దేవుడికి నిజంగా భయపడింది ఆమె అని, తప్పించుకున్నది తానని కూడా తెలుసు.

ఆ రాత్రి నాకు బాగా ఆకలి వేసింది. రెండు రోజులుగా సరిగా తినలేదు. సంగటి మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని తిన్నాను. నా తప్పుల్లో నన్ను ఎక్కువగా వెంటాడేది ఏదని అడిగితే, తాళం తీయడం కాదు, మోటారు కాల్చడం కాదు, ఆ అంకె కూడా కాదేమో. ఆ సంగటి.

నెల తిరగకముందే వాళ్ళు గది ఖాళీ చేశారు. దేవదానం ఆటోలోనే సామాను తీసుకెళ్ళాడు. నేను బాల్కనీలో నిలబడి చూశాను. మా ఇంటామె కూడా నా పక్కనే నిలబడి ఉంది. కాసేపటికి లోపలికి పోయి, టీవీ బల్ల మీద ఉండే నా కిట్టును ఒక గుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది. ఎందుకని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. ఆ రోజునుంచి కన్నాల హాస్యం మా ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

ఒకరోజు ఆ గుడ్డమూట తీసుకుని నీవా నదిలో పారేద్దామని పోయాను. నదిలో నీళ్ళు లేవు. ఎండిన ఇసుకలో వేస్తే ఎవరికైనా దొరుకుతుందని వెనక్కి తెచ్చాను. మా వాళ్ళు కాణిపాకం పోతే నేను చెప్పుల దగ్గర కాపలా కూర్చుంటాను. మోకాళ్ళ నొప్పి అంటాను.

మూడేళ్ళ కిందట పలమనేరులో ఒకరి ఇంటికి కొలతలు తీయడానికి పోయాను. పని అయ్యాక టమోటా మార్కెట్టు దగ్గర టీ తాగుతుంటే, కాయలు ఏరే ఆడవాళ్ళలోనుంచి ఒకామె లేచి వచ్చింది.

“సార్, బాగుండారా? అమ్మగారు బాగుండారా?”

సలోమి. కొంచెం చిక్కిపోయింది. దేవదానం ఇప్పుడు టమోటా లారీల మీద పోతున్నాడని చెప్పింది. నేను అవునవునంటూ టీ గ్లాసు వైపు చూస్తున్నాను. పోబోతూ ఆగింది.

“ఆ పొద్దు అందురూ తలా ఒక మాట అన్నారు సార్. మా ఇంటాయన కూడా అడిగినాడు, నిజంగా నువ్వు చేయలేదు గదా అని. ఒక్కసారే అడిగినాడులే. మీరొక్కరే నన్నేమీ అనలా. లెక్క అడిగినారు, చెప్పినారు. అంతే.”

ఇంతకంటే మంచి సమయం ఒక మనిషికి దేవుడు ఇవ్వడు. పగలు. ఎదురుగా ఆమె. నోరు తెరిస్తే చాలు. నేను తెరిచాను. “పిల్లలు చదువుకుంటా ఉండారా?” అని అడిగాను.

ఆమె ఒక సంచీలో టమోటాలు పోసి నా చేతిలో పెట్టింది. వద్దన్నా వినలేదు. ఇంటికి తెచ్చాను. పప్పులో వేసుకుని తిన్నాము.

బస్సులో వస్తూ ఒక వాదన తయారు చేసుకున్నాను. ఆమె కుదురుకుంది. ఇప్పుడు చెబితే మానిన పుండును రేపినట్టు. నాకు ఊరట, ఆమెకు బాధ. కాబట్టి చెప్పకపోవడమే ఆమెకు మేలు. బాగా కుదిరిన లెక్క. ఎక్కడా తప్పు పట్టలేరు. అంత బాగా కుదిరేసరికి నాకే అనుమానం వచ్చింది. ఆమె మొగుడు అడిగిన ఆ ఒక్క ప్రశ్న ఇంకా వాళ్ళ ఇంట్లోనే ఉంది. దాన్ని అక్కడినుంచి తీయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. మరి చెప్పకపోతే మేలు ఎవరికి?

పోయిన నెల మునిరత్నం గారికి ఒంట్లో బాగాలేదంటే చూడ్డానికి పోయాను. గదిలో మేమిద్దరమే. చెప్పేశాను. తాళం, మోటారు, అంకె. ఆయన దిండుకు ఆనుకుని ఫ్యాను వైపు చూశారు. తిడతారని కూర్చున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

“పోనీలేబ్బా,” అన్నారు. “ఆ మోటారు ఎట్లా పాతదే. ఇప్పుడెందుకు ఇవన్నీ తవ్వేది? నేనెవురికీ చెప్పనులే.”

ఆయన నన్ను క్షమించారు. అంత తేలిగ్గా. ఇంటికి నడుస్తుంటే పోయినప్పటికంటే బరువుగా ఉంది. అది ఆయన ఇవ్వగలిగింది కాదు. నేను తీసుకోగలిగిందీ కాదు. పైగా, ఎవరికీ చెప్పనన్నారు. అంటే సలోమికి కూడా చెప్పరు.

అందుకే ఇది రాస్తున్నాను, అందుకే ఆమె పేరు మార్చలేదు. సలోమికి చదవడం బాగా వచ్చు. పొద్దున మోటారు వేసి, మెట్ల మీద కూర్చుని తన పుస్తకం చదువుకోవడం నేను రోజూ చూసేవాణ్ణి. ఇది ఆమె కంటబడకపోవచ్చు. పలమనేరు ఇక్కడికి దూరమేమీ కాదు, నేనే బస్సెక్కి పోవచ్చు, ఆమె ముందు నిలబడి చెప్పవచ్చు. ఎందుకు పోలేదని మీరు అడుగుతారు. భయం. ఆమె తిడుతుందని కాదు. ‘పోనీలెండి సార్’ అంటుందేమోనని. పోతానని ఇక్కడ మాట ఇవ్వడం లేదు. నా మాటకు విలువ ఎంతో పైన చదివారు. ఈ కాగితాన్ని సలోమి మొగుడికి చూపించగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే చూపించండి. అది చాలు.

ఆ మధ్యాహ్నం మోటారు గది తాళం తీసింది నేను. మోటారు కాల్చింది నేను. తెలిసి కూడా నోరు మూసుకుని ఆమెను బయటికి పంపించింది నేను. సలోమి తీయలేదు.

రాశాను. గుండె, చాలాకాలం తరువాత, మామూలుగా కొట్టుకుంటోంది. ఆ మాత్రం సుఖానికి కూడా నేను తగినవాణ్ణేమీ కాదు.